కిర్రుమనని తలుపు

మావయ్యకి,

చొక్కా మీది రంపప్పొట్టు దులుపుకుని చదవమని కోరుతూ, మేనకోడలు చిట్టి నమస్కారాలు.

ఫోను చేస్తే "మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టు" అంటావు గనక రాస్తున్నాను. మావయ్యా, ఈ నగరానికి వచ్చి పది నెలలైంది. ఇప్పటికీ పొద్దున్నే కిటికీ తీసి నోరు తెరుచుకుని నిలబడిపోతున్నాను. ఎదురుగా వంతెన మీద ఒకేసారి మూడు రైళ్లు పోతాయి, మూడింటిదీ మూడు రకాల మోత. ఇంత పెద్ద ఊళ్లో నాకూ ఒక పని ఉందంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ పని గురించి నువ్వు అడిగావు. నాకు ఆఫీసు లేదు, పై అధికారి లేడు, సెలవూ లేదు. ఎవరికి అవసరమైతే వాళ్లు పిలుస్తారు. సినిమా తీసేటప్పుడు చప్పుళ్లు సరిగా పడవు. తర్వాత గదిలో కూర్చుని నాలాంటివాళ్లం వాటిని పుట్టిస్తాం. ఈ వారం పిండి మూట మీద అడుగులేసి మంచులో నడిచాను. చేతి తొడుగులు రెండు టపటపలాడించి పావురాన్నై ఎగిరాను. క్యారెట్ విరిచి ఒకాయన ఎముక విరగ్గొట్టాను. గది నిండా ఇసుక, కంకర, చెక్కపేళ్లు. గోడలన్నిటికీ రగ్గులు కట్టాను.

ఇక అసలు విషయం. ఒక పెద్ద డైరెక్టరు గారి పని ఒక్క తలుపు దగ్గర ఆగిపోయింది. పదకొండు తలుపులు చూపించాను, అన్నీ వద్దన్నారు. ఇది కుదిరితే ఎనిమిది నెలల పని నాదే. కుదరకపోతే, అమ్మ పెట్టిన ఏడాది గడువు వచ్చే నెలాఖరుతో సరి. స్కూలు ఆఫీసులో అమ్మ చూసిపెట్టిన ఆ కుర్చీలో కూర్చోవాల్సిందే. మన సామాన్ల గది తలుపు పంపు మావయ్యా. దాని సంగతి నీకు వేరే చెప్పాలా? అలాంటిది ఇక్కడ వెతికినా దొరకదు.

ఇట్లు,
చిట్టి

తా.క. విరిచిన క్యారెట్లు పారేయడం లేదు. రెండు పూటలా అదే కూర. అమ్మకి చెప్పకు.


చిట్టికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వు కాదని నీ ఉత్తరమే చెప్పింది.

నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నవాణ్ని. గదిలో ఇసుక, కంకర, చెక్కపేళ్లు ఉన్నాయంటే అర్థమేమిటో నాకు తెలీదా? ఇల్లు కట్టడం ఇంకా పూర్తి కాలేదు. గోడలకి రగ్గులు కట్టావంటే పూత పని మొదలే పెట్టలేదు. తలుపు పంపమన్నావంటే గుమ్మానికి తలుపే లేదు. ఆ డైరెక్టరు ఎవరో గాని, ఇంటి ఓనరే అయ్యుంటాడు. పదకొండు తలుపులు వద్దన్న ఓనర్ని నా సర్వీసులో చూడలేదు.

పని లేదని చెప్పడానికి మొహమాటం దేనికమ్మాయ్? మనుషులు నడిస్తే చప్పుడు వాళ్ల కాళ్లదే. దానికి వేరే మనిషిని పెట్టి పిండి మూట మీద నడిపిస్తారా? అబద్ధమాడినా అతికినట్టుండాలి.

అక్కకి ఏమీ చెప్పలేదు. ఆ ఏడాది గడువుకి నీ తరఫున హామీ ఉన్నది నేను కదా. తలుపు ఊడదీశాను. ఆ అవతారంతో పంపితే నా పరువేం కావాలి? చిత్రిక పట్టాను. తుప్పు బందులు తీసి కొత్తవి వేశాను. అంచులు సరిచేసి, నూనె పట్టించాను. రెండు గడియలు, బయట ఎవరున్నారో చూసుకోవడానికి కన్నం కూడా పెట్టాను. లారీలో వేయించాను. చిటికెన వేలితో తోస్తే చాలు, చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. తలుపేసుకుని కంటినిండా నిద్రపో.

మీ మావయ్య

తా.క. క్యారెట్ కళ్లకి మంచిదంటారు, కడుపు సంగతి ఎవరూ చెప్పలేదు. తలుపుకి కట్టి ఒక బియ్యం బస్తా పంపాను.


మావయ్యకి,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూ, చిట్టి నమస్కారాలు.

తలుపు వచ్చింది. బియ్యమూ వచ్చాయి. తలుపు లిఫ్టులో పట్టలేదు. వాచ్‌మనూ, పక్క వాటా ఆయనా, నేనూ ఐదంతస్తులు మోశాం. పైకి చేరాక "మీకు ఆల్రెడీ తలుపుంది కదమ్మా" అన్నాడు వాచ్‌మను.

ఉంది మావయ్యా! నా గుమ్మానికి తలుపుంది, గోడలకి పూత ఉంది. కంకర మీద నడిచేది చప్పుడు కోసం, రగ్గులు కట్టింది బయటి మోత లోపలికి రాకుండా. నాకు కావలసింది తలుపు కాదు, దాని కిర్రు! చిన్నప్పుడు అది తీస్తే చాలు, మిఠాయి డబ్బాలో చెయ్యి పెట్టబోతున్నానని ఇల్లంతా తెలిసిపోయేది. నీకు వేరే చెప్పాలా అని రాశాను. చెప్పాల్సింది.

సినిమాలో ఒక ముసలావిడ ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి తన ఇంటి తలుపు తీస్తుంది. మాటలుండవు, పాట ఉండదు. తలుపొక్కటే మాట్లాడాలి. నిన్న డైరెక్టరు గారు వచ్చారు. మైకు పెట్టాను. నీ తలుపు తీశాను. మళ్లీ తీశాను. పదహారుసార్లు తీశాను. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "అమ్మా, మైకు ఆన్ చేశారా?" అని అడిగారు.

శుక్రవారం ఇంకొక్కసారి వస్తారట, అదే ఆఖరు. నా దగ్గర ఇక తలుపుల్లేవు. మావయ్యా, నాకు ఈ పనంటే ప్రాణం. ఉత్త పిండి మూట మీద అడుగేస్తే తెర మీద కొండంతా మంచు కురిసినట్టు ఉంటుంది చూడు, అప్పుడు నా ఒళ్లు జలదరిస్తుంది. అది వదిలి రావాలంటే ఏడుపొస్తోంది. అయినా స్కూలు వాళ్లని ఆ కుర్చీ అట్టే పెట్టమను.

చిట్టి

తా.క. వెళ్తూ వెళ్తూ ఆయన తలుపుని రెండుసార్లు తడిమి చూసి, మా ఇంటికి ఇలాంటిది చేసిపెడతారా అని అడిగారు.


చిట్టికి,

సగం కోపంతో మావయ్య దీవెనలు.

మీ తలుపు చప్పుడు చెయ్యట్లేదని నా మీదికి తగాదాకొచ్చింది ఇన్నేళ్లలో నువ్వొక్కదానివే. కిర్రు అంటే మాకు జబ్బు. డాక్టరు దగ్గరికెళ్లి "దగ్గు తెప్పించండి" అన్నట్టుంది నీ వరస.

ఈ చప్పుళ్ల కొలువుని ఇంకా పూర్తిగా నమ్మను. కానీ నువ్వు ఏడుస్తున్నానని రాశావు, అది నమ్మాను. బుధవారం రైలెక్కి గురువారం పొద్దున దిగుతాను. చెడగొట్టింది నేనే గనక బాగుచేసే పూచీ నాది. కాదు, బాగుచేసింది నేనే గనక చెడగొట్టే పూచీ నాది. కుదిరిందా, సరే. కుదరలేదా, మారుమాట్లాడకుండా నాతో బయల్దేరాలి. అక్కకి మాటిచ్చాను.

మీ మావయ్య

తా.క. ఆయన గుమ్మం కొలతలు అడిగి ఉంచు.


చిట్టికి,

నీ గదిలో, నీ కుర్చీలో కూర్చుని మావయ్య దీవెనలు.

నిన్ను రైలెక్కించి వచ్చి రెండు రోజులైంది. ఈపాటికి ఇల్లు చేరి మీ అమ్మకి అంతా చెప్పే ఉంటావు, మీ అమ్మ నమ్మి ఉండదు. కాబట్టి శుక్రవారం సంగతి నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నాను. ఇది చదివి వినిపించు.

అక్కా, గురువారమంతా ఆ తలుపుతో కుస్తీ పట్టాను. నూనె తుడిచాను, బందులు వదులు చేశాను, బూడిద రుద్దాను. మొండిఘటం, నోరు విప్పలేదు. శుక్రవారం ఆ డైరెక్టరు గారు వచ్చి, చెవులకి అవి తగిలించుకుని కూర్చున్నాడు. నీ కూతురి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు సిగ్గేసింది. స్క్రూడ్రైవరు తీద్దామని నా పనిముట్ల పెట్టె మూత ఎత్తాను.

ఊళ్లో తలుపులన్నిటికీ నూనె పెట్టినవాణ్ని, నా పెట్టెకి ఒక్క చుక్క వేసిన పాపాన పోలేదు. అది కిర్రుమంది. ఆయన లేచి నిలబడి, "పెద్దాయనా, కదలకండి" అన్నాడు. నేను మళ్లీ తెరిచాను, "బాగుంది, కానీ ఇంకా పెట్టెలాగే ఉంది" అన్నాడు. అప్పుడు చిట్టి వచ్చి మూత పట్టుకుంది. తెర మీద ముసలావిడ చేతినే చూస్తూ, ఆ చెయ్యి ఆగిన చోట తనూ ఆగుతూ, వణికిన చోట వణుకుతూ, మెల్లగా ఎత్తింది. నేను తెరిస్తే పెట్టె, అక్కా. చిట్టి తెరిస్తే ఇల్లు.

తర్వాత ఆ హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి చూపించారు. నా పెట్టేనని నాకు తెలుసు. తెలిసీ, ముప్పై ఏళ్లు మూసిన ఇల్లు నా ముందు తెరుచుకుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. ఇన్నేళ్లూ చప్పుడు విన్నానంటే నోరు నొక్కేయడమే గాని, అదేం చెప్తోందో ఒక్కనాడూ వినలేదు. సినిమా మొత్తం చిట్టికే ఇచ్చారు.

నీ కూతురికి కొలువు లేదని నీ బెంగ. మరి నాకెప్పుడుంది కొలువు? ఎవరి తలుపు కుంగితే వాళ్లింటికి వెళ్లాను. రేపు ఎవరు పిలుస్తారో తెలియకుండానే నలభై ఏళ్లు గడిచాయి, నువ్వు ఒక్కసారైనా నన్ను స్కూల్లో కూర్చోమన్నావా? హామీ ఉన్నది నేను గనక తీర్పూ నేనే చెప్తున్నాను. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమను.

చిట్టీ, ఇక్కణ్నుంచి నీకు మాత్రమే. సినిమాలో ఇంకా ఇరవై మూడు తలుపులు, నాలుగు మంచాలు, ఒక పడవ ఉన్నాయట. డైరెక్టరు గారు నన్ను ఉండమన్నారు. వయసు మీద పడిందన్నాను గాని, గట్టిగా అనలేదు. నేను ఇప్పట్లో రాను. అత్తయ్యకి నువ్వే మెల్లగా చెప్పు. వచ్చే సోమవారానికి వచ్చెయ్యి, పడవ నా ఒక్కడివల్లా అయ్యే పని కాదు.

మీ మావయ్య

తా.క. మన వీధి గేటుకి నూనె పెట్టమని మీ అత్తయ్య పద్దెనిమిదేళ్లుగా పోరుతోంది. విసిగి తనే పెట్టేయగలదు. వెళ్లగానే ఆ నూనె సీసా దాచెయ్యి. ముందు నేనొచ్చి ఆ గేటు చెప్పేది వినాలి.