మూడో షరతు

జులై 18
నల్లంపల్లి స్కూల్లో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్లలకు ఈ రోజు ఒక ఇంగ్లండు రాజు పాఠం. ఎవరినీ అడక్కుండా పన్నులు వేస్తాడు, ప్రభువుల బిడ్డల్ని బందీలుగా పెట్టుకుంటాడు. చివరికి వాళ్లే కత్తులతో వచ్చి, నది పక్క మైదానంలో షరతుల మీద ముద్ర వేయిస్తారు. బాగా చెప్పాను. ఎవరూ మెచ్చుకోకపోయినా నేను బాగానే చెబుతాను.

జులై 20
అమ్మవారి పండగ మొదలు. ఊరి పెద్దతనం తాత నుంచీ మాది, ఇప్పుడు నాయనది. మిగిలిన ఆరు వంశాల పెద్దల్లో వెంకటప్ప మామ అందరికీ పెద్ద — గుడి ముందు మొదటి తాంబూలం ఎప్పుడూ ఆయనకే. నాయన దాన్ని ధర్మపురి నుంచి కారులో వచ్చిన పార్టీ మనిషి చేతిలో పెట్టాడు. పెద్దలు ఒక్కొక్కరే తమ ఆకూ వక్కా తిరిగి తట్టలో పెట్టి లేచిపోయారు. మా ఊళ్లో ఇంతకంటే పెద్ద అవమానం లేదు.

జులై 21
నాయన అన్నం ముట్టలేదు.
"రోడ్డు వేపిస్తానన్నాడమ్మా, దానికే ఇచ్చినాను."
"పెద్దల్ని అడిగినావా?"
"నేను అడగాల్నా?"
రాజు కథ చెప్పాను. "వాడూ నేనూ ఒకటేనా" అన్నాడు. మీసం మాత్రం దువ్వుకున్నాడు.

జులై 23
వెంకటప్ప మామ పిలిపించాడు. ఆదివారం నాయన షరతులకు సంతకం పెట్టాలి, లేదంటే పెద్దతనం ఇంకొకరికి. షరతులు రెండు — పెద్దల్ని అడక్కుండా గుడి మర్యాద ఎవరికీ ఇవ్వకూడదు, పండగ రోజు నిర్ణయించకూడదు. అమ్మవారి ముందు చదివేది ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఉండాలట. ఇక్కడ అందరి చదువూ తమిళమే; హోసూరులో అత్త దగ్గర తెలుగు బడిలో చదివాను కాబట్టి ఊళ్లో తెలుగు రాసేది నేనొక్కదాన్నే.
"నాయన మీద నన్నే రాయమంటావా మామా?"
"నువ్వు రాస్తే ఒక పక్కకి ఒరగదు."
గర్వపడ్డాను. నాయనకు తలవంపు, నాకు గర్వం... సిగ్గు లేదు నాకు.

జులై 24
రాశాను. ఎవరూ చెప్పని మూడోది కూడా.

జులై 25
క్లాసులో ఒక అమ్మాయి లేచింది. ముద్ర వేశాక రాజు మాట మీద నిలబడ్డాడా మిస్, అని. లేదు. కొన్ని వారాలకే ఆ షరతులు చెల్లవనిపించాడు, మళ్లీ యుద్ధం. ఇంటికొచ్చినా అదే గుబులు.

జులై 27
గుడి ముందు చదివాను. మూడోది — పెద్దతనంలో ఉన్నవాడు తప్పు చేస్తే, తాంబూలం తట్ట తానే మోసుకుని, నొచ్చుకున్న వాళ్ల ఇంటింటికీ నడిచి పోవాలి. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.
నాయన నన్నే చూశాడు. "ఈ మూడోది ఎవురు చెప్పింది?"
"నేనే నాయనా."
"ఆ రాజు పోయినాడా ఇట్ల, ఇంటింటికీ?"
"పోలేదు. ముద్ర వేసి మాట తప్పినాడు."
"పెన్ను ఇయ్యి."
తమిళంలో సంతకం. కండువా నడుముకు చుట్టి తట్ట ఎత్తుకున్నాడు. వెనకే నడిచాను. ఈయన మా నాయన అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాలనిపించింది.
ఐదిళ్లలో తీసుకున్నారు. వెంకటప్ప మామ అరుగు మీద కూర్చుని తల ఎత్తలేదు. "కింద పెట్టి పో. చూస్తాను."
"నీ చేతికే ఇస్తాను బావా."
నాయన నన్ను ఇంటికి పొమ్మన్నాడు. దీపాలు పెట్టేశారు. మా గడప దగ్గరి నుంచి చూస్తే కనిపిస్తోంది — మామ కూర్చునే ఉన్నాడు, నాయన తట్టతో నిలబడే ఉన్నాడు.