సోమవారం మైకు నీదే

అక్కా,

సోమవారం సాక్ష్యానికి మైకు ముందు నువ్వే కూర్చోవాలి. కోర్టు అనువాదాల గదిలో ఇరవై ఏళ్లుగా వంతులు మార్చుకుంటున్నాం కదా, ఈసారి నా వంతూ నీదే.

"దెబ్బ తగిలింది తలకి గానీ నాలుకకి కాదు కదే" అని ఫోన్‌లో నవ్వావు. నిజమే. బస్సు తలుపు కొట్టుకుని మూడు వారాలైంది, స్కాన్‌లో ఏమీ లేదు. కానీ మెదడులో ఏ భాగమూ చెడకపోయినా, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరు కొన్నాళ్లు మారిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని ముభావంగా ఉంటాయట, కొన్ని అతిగా వాగుతాయట. అచ్చం మా చుట్టాల్లాగే అనుకున్నాను.

వింటూనే మాట్లాడటం మన పని కాబట్టి ఇంట్లో పరీక్ష పెట్టుకున్నాను. అమ్మాయి వార్తలు చదువుతుంటే నేను రెండో భాషలో చెబుతూ పోయాను. బ్రహ్మాండంగా వస్తోందనిపించింది. చివర్లో అది తాపీగా, "అమ్మా, నాలుగు నిమిషాల నుంచి నేను చదివిందే మళ్లీ అదే భాషలో నాకు వినిపిస్తున్నావు" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. తప్పు ఎవరైనా చేస్తారు, కానీ చేస్తున్నానని నాకు తెలియనే లేదు. సోమవారం సాక్ష్యం చెప్పేది ఒక తల్లి, బోనులో ఉండేది ఆవిడ కొడుకు. ఆవిడ మాట నా నోట తారుమారైతే అతను జైలుకి పోతాడు.

అతిగా భయపడుతున్నానేమో కూడా. అయినా నీ పక్కనే కూర్చుని పేర్లూ తేదీలూ కాగితం మీద రాసి అందిస్తాను, వాటినీ ఓ కంట కనిపెట్టు. మిగతా సేపు ఆవిడ చెప్పేది వింటాను. ఇన్నేళ్లలో ఏ సాక్షి మాటనీ నేను ఊరికే, చివరిదాకా విన్నది లేదు.

నీ పక్క కుర్చీ