చాక్లెట్ పోలెలు

ఆదివారం, సూర్యాపేట

సుజాత పోయాక మేఘన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే: అమ్మ చేసే చాక్లెట్ పోలెలు. పప్పు పూర్ణం ముట్టని పిల్ల కోసం సుజాత ఆ బొబ్బట్లలో పప్పుకు బదులు హేజల్‌నట్ చాక్లెట్ క్రీమ్ పెట్టేది.

సాయంత్రం ఆ క్రీమ్ సీసా కొనుక్కొచ్చి మొదలుపెట్టాను. పెనం మీద వేయగానే పోలె చిట్లి చాక్లెట్ అంతా కారింది, మాడింది. ఎన్ని వేసినా అంతే. కోదాడలో అత్తమ్మకు ఫోన్ చేశాను.

"మంట తగ్గించు బాబూ. మేం పప్పే పెడతాం. ఆ చాక్లెట్టు దాని సొంత పైత్యం, నాకేం తెలుసు?" అని నవ్వబోయి ఆగిపోయింది.

కారకుండా సుజాత ఏం చేసేదో ఇక చెప్పేవాళ్లు లేరు. ఇలాంటివి ఇంకెన్ని ఆమెతో పోయాయో, మేఘన అడిగినప్పుడే తెలుస్తుంది కాబోలు.

మేఘన పెనానికి అంటిన మాడును చెంచాతో గీక్కుని తింది.

"అమ్మ చేసినా గిట్లనే కారేటిది నాన్నా. ఇంకోటెయ్యి."

ఎప్పుడూ కారలేదు. ఆ సంగతి తనకూ తెలుసు. తొమ్మిదేళ్లకే నన్ను ఓదార్చడం నేర్చుకుంది. ప్లేటు చాపి నిలబడింది.

వేశాను. అదీ కారింది.