పదకొండు సార్లు బిజీ

ఆగస్టు 5, మంగళవారం. ఏకాదశి

ఈరోజు గోరేబాళ క్యాంపులో, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల ఊళ్లో, రామాలయం ప్రవచనంలో గొంతు పగిలేలా మాట్లాడాను. మైకు తట్టుకోలేక కీచుమంది. పోయిన వారం క్యాంపులో ఒక ముసలాయన, ఎవడో బ్యాంకు మేనేజరునని ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పేశాడు. ఊరుకుంటానా. పూర్వం రాక్షసుడు సాధువు వేషం వేసుకుని గుమ్మం ముందు నిలబడేవాడు, ఇప్పుడు పది అంకెల వేషంలో వస్తున్నాడు అన్నాను. తెలియని నంబరు ఎత్తడమంటే దొంగకు తలుపు తీయడమే అన్నాను. ఎప్పుడూ వెంట ఉంచుకునే పురాణ గ్రంథం ఎత్తి చూపించాను. ఆడవాళ్లు చేతులు జోడించారు.

తర్వాత మెట్ల మీద కూర్చుని ముప్పై ఒక్క ఫోన్లు బాగుచేశాను. సింధనూరులో నా దుకాణానికి తెస్తే డబ్బు, ఇక్కడ ఉచితం. అది నా సేవ. అన్నీ పాత సెట్లే. కొడుకు కొత్తది కొంటే పాతది తండ్రికి, మొగుడు కొంటే పెళ్లానికి. స్టోరేజీ నిండిపోయి నత్తల్లా నడుస్తుంటాయి. అక్కర్లేని యాప్‌లు పీకేస్తాను. వెనకాల నడిచేవన్నీ ఆపేస్తాను. ఆఖర్న కాంటాక్ట్స్‌లో లేని నంబర్లన్నీ బ్లాక్. బ్లాక్ అయిందన్న నోటిఫికేషన్ కూడా ఆఫ్. ఇక ఆ ఫోన్ గర్భగుడంత ప్రశాంతం.

క్యాంపు పెద్ద శేషయ్య గారు శాలువా కప్పారు. ఆయన కొడుకు సుబ్బు అందరికంటే ముందు తన భార్య కుసుమ ఫోన్ తెచ్చాడు. ఐదేళ్లు తను వాడి ఆవిడకిచ్చిన సెట్టు. పని అవగానే, ఇహ మా ఆవిడని విసిగించే హక్కు నా ఒక్కడిదేనండీ అన్నాడు. ఆవిడ వెనకనుంచి, ఆ ఒక్క నంబరూ కూడా బ్లాక్ చేసెయ్యండి స్వామీ, పుణ్యముంటుంది అంది. అందరం నవ్వాం.

ఆగస్టు 9

వాన. ఉబ్బిన బ్యాటరీలు మూడు. ఆ సెట్టింగ్ పెట్టించుకోవడానికి యరగేర నుంచి ఒకాయన బస్సెక్కి సింధనూరు దాకా వచ్చాడు. పేరు పాకుతోంది.

ఆగస్టు 13, బుధవారం

సుబ్బు పోయాడు. నిన్న సాయంత్రం కాలవ రోడ్డు మీద లారీ తగిలింది.

గూడ్స్ ఆటో నడిపే అమరేశ్ చూసి ఎత్తి ఆటోలో వేసుకున్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి. సుబ్బు ఫోన్ కాలవలో పడిపోయింది. అతనికి నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, భార్యది. అమరేశ్ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే చెప్తున్నాడు. పదకొండు సార్లు కొట్టిన సార్, ఎప్పుడు కొట్టినా బిజీ అంటుండె, ఆయన కండ్లు తెరిసి ఇంకోసారి కొట్టన్నా, ఒక్క మాట మాట్లాడిస్తె సాలు అంటుండె అని. సింధనూరు ఆసుపత్రిలో రాయచూరు తీసుకుపొమ్మన్నారు. దారిలోనే అయిపోయింది.

కుసుమ ఆ సమయంలో ఇంట్లోనే ఉంది. ఫోన్ పక్కనే ఉంది. మోగలేదు.

బిజీ. బ్లాక్ అయిన నంబరు నుంచి చేస్తే చేసినవాడికి వినపడేది అదే. అమరేశ్ నంబరు ఆమె కాంటాక్ట్స్‌లో ఎందుకుంటుంది?

నన్నెవరూ ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు శేషయ్య గారు. చెప్పాను.

ఆగస్టు 14

దుకాణంలో అదే రకం సెట్టు ఉంది. అదే సెట్టింగ్ పెట్టి పక్క టీ హోటల్ ఫోన్‌తో చేశాను. రికార్డు చేసిన ఆడగొంతు కన్నడలో, బిజీ అని. మూడుసార్లు చేశాను. సెట్టు నా కళ్ల ముందే ఉంది. స్క్రీన్ కూడా వెలగలేదు.

పంపమ్మకు చెప్పాను. కట్టుకున్నదానికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

ఆగస్టు 18, సోమవారం. మధ్యాహ్నం

కుసుమ చెల్లెలు తనూజ దుకాణానికి వచ్చింది. చున్నీ చాటునుంచి ఆ ఫోన్ తీసి గ్రంథం పక్కన పెట్టింది.

క్యాంపులో ఒకటే మాటట. మొగుడు చచ్చిపోతుంటే ముప్పావు గంట ఎవడితో మాట్లాడింది అని. ముందుగా అన్నది శేషయ్య గారేనట. అక్క చేతి మంచినీళ్లు ముట్టట్లేదండీ, నాలుగేళ్ల పిల్లని దాని పక్కన పడుకోనివ్వట్లేదు అంది. కాల్ లిస్టు చూపిస్తే తుడిచేశావంటున్నారు, పదకొండో రోజు అవగానే అక్కని మా ఊరు పంపేస్తారంట, పిల్ల మాత్రం మా రక్తం, ఇక్కడే ఉంటుందంటున్నారు అంది. మీరు చెబితేనే మామయ్య గారు వింటారు స్వామీ, అక్క ఎవరితోనూ మాట్లాడలేదని ఇందులోంచి తీసి చూపించండి అంది.

బ్లాక్ లిస్టు తెరిచాను. 4.07. 4.09. 4.12. అలా కిందికి. ఆఖరిది 4.51. ఒకే నంబరు. పదకొండు సార్లు.

నిజం చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. డిస్‌ప్లే స్ట్రిప్ లూజుగా ఉందమ్మా, ఎల్లుండి రా అన్నాను.

ఆగస్టు 19. ఏకాదశి

సింధనూరులో ఒక రైసు మిల్లు ఆవరణలో ప్రవచనం. నేలకు అంటకుండా నడిచే రథం ఒక్క సగం అబద్ధానికి దభీమని నేలకు దిగిన ఘట్టం ఎత్తుకున్నాను. అదే ఎందుకు నోటికి వచ్చిందో తెలియదు. సగం గట్టిగా, సగం మెల్లగా చెప్పిన నిజం అబద్ధం కంటే నీచం అని బల్ల గుద్దాను. బస్తాలు మోసే హమాలీలు కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికొస్తే చెప్పులు విప్పకముందే పంపమ్మ అందుకుంది. మైకుల నిజం నిజమని ఒర్రుడు, దుకాణంల నోట్ల నీళ్లు పోసుకుని కూసునుడు, ఏంది నీ కత అంది. చెబితే రేపటినుంచి నా చేతికి ఎవరైనా ఫోన్ ఇస్తారా అన్నాను. గామె బిడ్డ గామెకు గాకుంట పోతుంటే నీకు దుకాణం ఫికరా అంది. అన్నం పెట్టి అవతలికి పోయింది.

ఆగస్టు 20

ఫోన్ తిరిగిచ్చి, బిల్లు కాగితం మీద రాసిచ్చాను. ఫోన్‌లో లోపం వల్ల కాల్స్ రాలేదు, సెట్టు పాతది అని. కింద సంతకం, దుకాణం ముద్ర. తనూజ నా కాళ్లకు దండం పెట్టింది. వద్దనలేదు.

ఆగస్టు 21, గురువారం

తనూజ ఫోన్ చేసింది. ఏడుపులో సగం మాటలు అర్థం కాలేదు. శేషయ్య గారు ఆ కాగితం చదివి నవ్వారట. స్వామి చేతిలో పడ్డ ఫోన్‌లో లోపమేంటి, వాడు పోవడానికి వారం ముందేగా నా కళ్లెదుట బాగుచేసిచ్చాడు, మీరెళ్లి కాళ్లావేళ్లా పడుంటారు, పాపం జాలిగుండె, రాసిచ్చుంటాడు అన్నారట. ఇప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ అబద్ధాలకోరులు.

నా మంచి పేరే వెళ్లి ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

ఆగస్టు 22, శుక్రవారం. పదకొండో రోజు

తొలి బస్సుకే వెళ్లాను. గ్రంథం తీసుకెళ్లలేదు.

షామియానా కింద అందరూ ఉన్నారు. కుసుమ గోడవారన కూర్చుంది. పిల్ల చెయ్యి తాత చేతిలో ఉంది. తనూజను ఫోన్ తెమ్మన్నాను. అందరి మధ్యా పీట మీద పెట్టి, అమరేశ్‌ని తన ఫోన్ నుంచి కొట్టమన్నాను, స్పీకరు పెట్టి. బిజీ అంది. పీట మీది ఫోన్ కదలలేదు, వెలగలేదు. మళ్లీ కొట్టించాను. తర్వాత లిస్టు తెరిచి పదకొండు టైములూ చదివాను. ఇది పెట్టింది నేను అన్నాను. కాగితం మీద లోపమని రాసింది కూడా అబద్ధమే అన్నాను. మైకు లేకుండా నా గొంతు ఎంత చిన్నదో.

అమరేశ్ తల పట్టుకున్నాడు. అయ్యో, నా నోటితోనే బిజీ బిజీ అని ఊరంత చెప్పిన్నే అన్నాడు.

శేషయ్య గారు నా వైపు తిరిగారు. ఆ మాట నీకు ఎప్పుడు తెలిసింది అన్నారు. నన్ను మీరు అనడం మానేశారు. మర్నాడే అన్నాను. ఆ రోజు నా పక్కన కూర్చుని నన్ను ఓదార్చావు కదయ్యా అన్నారు. కండువా మొహం మీద వేసుకున్నారు. కోడలికి ఒక్క మాటా చెప్పలేదు. పిల్ల చెయ్యి మాత్రం వదిలేశారు. అది వెళ్లి తల్లి ఒళ్లో కూర్చుంది.

కుసుమ నన్ను చూడలేదు. అమరేశ్‌ని అడిగింది. పదకొండు సార్లూ ఆయనకి తెలివి ఉందా అని. అతను నా వైపు చూశాడు, ఏం చెప్పాలన్నట్టు. నేను తల దించుకున్నాను. ఉండె అక్కా అన్నాడు.

ఆమె ఫోన్ నా ముందుకు తోసింది. ఆ బ్లాక్ తీసెయ్యండి అంది. తీసేశాను. నాలుగు సెకన్ల పని.

ఆగస్టు 26

మిగిలిన ముప్పై ఫోన్లకూ బ్లాక్ తీసేద్దామని క్యాంపంతా తిరిగాను. ఇచ్చినవాళ్లు నలుగురు. మిగతావాళ్లు, ఎందుకండీ, ప్రాణం హాయిగా ఉంటేనూ అన్నారు. సుబ్బు సంగతేమిటి అంటే, అందరూ లారీల కింద పడతారా ఏంటండీ అన్నారు. ఒకావిడ సగం తలుపు వేసి, తెలియనివాడు దొంగని మైకులో చెప్పింది మీరు కాదా అంది. నేనే.

పైగా క్యాంపు ఒక్కటే కాదు. యరగేర ఆయన పేరు కూడా నాకు తెలియదు.

సెప్టెంబరు 3. ఏకాదశి. ఉదయం 11.20

ప్రవచనం లేదు. ఎవరూ పిలవలేదు.

ఇప్పుడే తెలియని నంబరు. ఎత్తాను. లోన్ కావాలా సార్ అంది ఎవరో అమ్మాయి. నీ దగ్గర ఎవరైనా పడి ఉన్నారా తల్లీ అని అడిగాను. 

లేరు సార్ అంది, మెల్లగా.