బావ రాచెట్ పానా

పటాన్‌చెరు నుంచి

అన్నకు, వదినకు మల్లేశం దండాలు. నేను బాగానే ఉన్నాను, నా గురించి రంది పెట్టుకోకండి. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చిన్నోడికి జ్వరం తగ్గిందా? అక్క వేళకు తింటోందా లేదా, అది మాత్రం తప్పకుండా రాయి. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో అన్నా, అక్కకు వినిపించకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వాన పడితే మందుల ఫ్యాక్టరీల వాసన కిందికి దిగి గదిలోనే కూర్చుంటుంది. బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయి, తాగడానికి ట్యాంకర్ దగ్గర పట్టుకుంటున్నాను. క్యాంటీన్‌లో కూర్చుంటే వదిన చేసే పచ్చిపులుసు గుర్తొచ్చి ముద్ద దిగదు. గదిలో నాతో ఉండే యాదయ్యది వేరే షిఫ్టు, నేను వచ్చేసరికి వాడు పోతాడు. మాట్లాడే మనిషి లేక పానాలతో మాట్లాడుతున్నానంటే నవ్వుతావు. అయినా బాగానే ఉన్నాను.

అసలు సంగతికి వస్తాను. బావ పోయాక, నాకిక్కడ ఫిట్టర్ పని దొరికినప్పుడు అక్క ఆయన రాచెట్ పానా నా చేతిలో పెట్టింది కదా. ముందుకు లాగితే బోల్టును పట్టి తిప్పుతుంది, వెనక్కి ఊరికే తిరుగుతుంది. రైసుమిల్లులో ఆయన చివరి రోజు దాకా వాడిన పాతకాలం పానా, ఇప్పుడు అలాంటి ఉక్కు రాదు. మొన్న ఫ్యాక్టరీలో ఎత్తున ఇనుప ప్లాట్‌ఫాం మీద నిలబడి పైపు బోల్టు బిగిస్తున్నాను. బలమంతా పెట్టి లాగేసరికి పట్టు జారి పానా ఉత్తగా తిరిగింది. నేను వెనక్కి పడ్డాను. రెయిలింగ్ ఉంది కాబట్టి నడుము దెబ్బతో పోయింది. ఇప్పుడు నొప్పి కూడా లేదు, అమ్మకు చెప్పకు.

పడ్డప్పుడు నాకు బావే గుర్తొచ్చాడు. ఆయన కూడా మిల్లులో నిచ్చెన మీద నిలబడి, ఇదే పానాతో బోల్టు బిగిస్తూనే కదా వెనక్కి పడింది. ఆయన వెనక రెయిలింగ్ లేదు.

గదికొచ్చి పానా తల విప్పాను. లోపల పళ్ల చక్రం, అది జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క, ఆ ముక్కను తోసే స్ప్రింగు ఉంటాయి. ఆ సందుల్లో ఎర్రగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. ముందు తుప్పనుకున్నాను. గీరి కిరసనాయిల్లో వేస్తే పసుపు దిగింది. అన్నా, అది బొట్టు. ప్రతి దసరాకు అక్క పానాలన్నిటికీ పసుపు మెత్తి కుంకుమ పెట్టేది కదా. అన్నం పెట్టేది ఇదేనని ఈ పానాకైతే తల నిండా పెట్టేది. బొట్టు తుడవొద్దని, దానంతటదే పోవాలని బావకు గట్టిగా చెప్పేది. ఆయన అక్క మాట జవదాటేవాడు కాదు. ఆ బొట్టు మీదనే నూనె పోసుకుని పనికి పోయేవాడు. అదంతా లోపలికి దిగి గడ్డకట్టి, ఆ ముక్కను చక్రం పళ్లలో పూర్తిగా కూర్చోనివ్వలేదు.

ఊరంతా మాత్రం కల్లు తాగి నిచ్చెన ఎక్కాడంది. మిల్లు షావుకారూ అదే అన్నాడు. ఒక్క అక్కే ఒప్పుకోలేదు. నేను ఇటు బస్సెక్కేటప్పుడు కూడా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు ఆయన నోట్ల వాసన లేకుండె తమ్మీ. నువ్వన్నా నమ్ము" అన్నది. అక్క చెప్పిందే నిజం. కానీ ఆ నిజం ఆమెకు చెప్పాలంటే బొట్టు సంగతి కూడా చెప్పాలి. నా వల్ల కాదు అన్నా.

అందుకని నువ్వు ఇలా చెప్పు. తమ్ముడు విప్పి చూశాడు, స్ప్రింగు పోయింది, అందుకే పానా జారింది, బావ తాగలేదు అని. అక్కకే కాదు, కల్లు కాంపౌండు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు గట్టిగా చెప్పు. స్ప్రింగు పోయిన మాట అబద్ధం కూడా కాదు, ఆ గడ్డలో ఇరుక్కుని దాని బలమూ పోయింది.

పానా బాగు చేశాను. అరిగిన ముక్క అంచులు ఆకురాయితో సాపు చేసి, పెన్నులోని స్ప్రింగును సరిపడా కత్తిరించి వేశాను. ఇప్పుడు గట్టిగా పట్టుకుంటోంది.

అమ్మ కాళ్లకు నా బదులు దండం పెట్టు, చిన్నోడిని ముద్దు చేయి. నన్ను దీవించండి. దసరాకు పానా తెమ్మని, తానే బొట్టు పెడతానని అక్క కబురు చేసింది. మొగుడు పోయినదానివి నీకెందుకని ఎవరైనా అంటే నువ్వు ఊరుకోకు. తప్పకుండా తెస్తాను. పానా తలకు రేకుతో మూత కోసి, సందు లేకుండా బిగించాను. అక్కను తన ఇష్టం తీరా పెట్టుకోనీ. ఎంత పెట్టినా ఇక లోపలికి పోదు.

నీ తమ్ముడు
మల్లేశం