అయిదో గడి

కాన్పుల ఆసుపత్రిలో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా బాబుకి, పెద్దదాన్ని గనక ఆశీర్వదించి రాయించేది:

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే చిన్న మనవరాలు రాస్తోంది. పోయిన వారం నా పెద్ద మనవరాలు మీ ఆరో నంబరు మంచం మీద నొప్పులకు తాళలేక అరిస్తే, మీ నర్సమ్మ తొడ మీద ఛెళ్లున చరిచి, "నోర్ముయ్! మొగుడి దగ్గర రాని ఏడుపు ఇప్పుడొచ్చిందా?" అంది. తెర లేదు. వచ్చేపోయేవాళ్లంతా చూశారు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. బిడ్డని కన్న పిల్ల, దొంగతనం చేసి దొరికినదానిలా ముడుచుకుని ఇంటికొచ్చింది. ఏం చేస్తారు?

ఇట్లు, వేలిముద్ర.

తా.క.: రాసే పిల్లకి ఎనిమిదో నెల. దీనికీ మీ ఆసుపత్రే గతి. అక్షరాలు వణికితే తప్పు దానిది కాదు, మీది.

* * *

గౌరవనీయులైన అమ్మగారికి, గుమాస్తా నమస్కారములు.

మా రిజిస్టరులో నీళ్లు, దీపాలు, మంచాలు, భోజనం అని నాలుగే గడులు కలవు. చరిచిన స్థలం ఆరో నంబరు మంచం గనుక మంచాల గడిలో నమోదు చేసితిమి. వడ్రంగి వచ్చి మంచం కోళ్లు బిగించినాడు. అరుపులు కూడా దానివేనని తలచి నూనె వేయించితిమి. ఫిర్యాదు పరిష్కారమైనది.

తా.క.: ఇప్పుడు ఎంత చరిచినా మంచం కదలదు.

* * *

గుమాస్తా నాయనకి, ఈసారి సగం ఆశీర్వాదమే పంపుతున్నాను.

మంచానికొచ్చాయిట్రా నొప్పులు? కోళ్లు బిగించి నర్సమ్మ నోరు వదిలేశావు! అయిదో గడి గియ్యి. పైన "మర్యాద" అని రాయి. చెయ్యి వేసే ముందు అడగాలి. తెర వెయ్యాలి. తోడుకి ఒకర్ని రానివ్వాలి. అరిస్తే అరవనివ్వాలి. వీధులన్నీ తిరిగి, మీ దగ్గర కన్న నలభై ఒక్కమంది చేత వేలిముద్రలు వేయించాను. సంతకం వచ్చినవాళ్లచేతా వేలిముద్రే వేయించాను. చరిచేటప్పుడు చదువు అడిగారా మీరు?

ఇట్లు, నలభై రెండో వేలిముద్ర.

తా.క.: సోమవారం పెద్ద డాక్టరమ్మ గది ముందు బల్ల మీద కూర్చుంటాను. గడి గీసేదాకా లేవను. స్కేలు నేనే తెస్తాను.

* * *

అమ్మగారికి, నిలబడి చేయు నమస్కారములు.

అన్ని వేలిముద్రలు చూసి పోలీసు కేసనుకుని పూటంతా ఆఫీసు మూసితిమి. కాగితం చదివి పెద్ద డాక్టరమ్మగారు అయిదో గడి స్వయంగా గీసిరి. "ఒక్కదాన్ని, ఇరవై మంచాలు, అడుగుతూ కూర్చోనా?" అని నర్సమ్మ ఏడ్చినది. ఆమెకు ఇంకొకరిని తోడు వేసిరి. మీ నాలుగు మాటలు గోడకెక్కినవి.

తా.క.: ఈ ఉత్తరం మీ చేతికే ఇస్తున్నాను. దయచేసి ఇక బల్ల మీద నుంచి లేవగలరు.

* * *

గుమాస్తా బాబుకి, మిగిలిన సగం కూడా కలిపి నిండు ఆశీర్వాదం.

ఇది పెద్ద మనవరాలు రాస్తోంది. చిన్నది బిడ్డకి పాలిస్తోంది. నిన్న పొద్దున ఆరో నంబరు మంచం మీదే ఆడపిల్లని కంది. తెర వేశారు. నన్ను లోపలికి రానిచ్చారు. అప్పుడు చరిచిన నర్సమ్మే, "చూడనా తల్లీ?" అని అడిగి చెయ్యి వేసింది. నా మనవరాలు మహారాణిలా పడుకుంది, కిక్కురుమనలేదు.

అరిచింది నేను. బిడ్డ తల కనబడగానే పైకప్పు ఎగిరిపోయేలా అరిచాను. నోర్ముయ్ అన్నవాళ్లు లేరు. నర్సమ్మ నా వీపు నిమిరి, "అరవండి అవ్వా, అరవండి" అంది.

ఇట్లు, గొంతు పోయిన ముత్తవ్వ వేలిముద్ర.

తా.క.: అయిదో గడిలో మొట్టమొదటి ఫిర్యాదు నా మీదేనటగా? చెవులు దిమ్మెక్కాయని పక్క మంచం ఆవిడ రాయించిందట. సబబైన మాట. దాని కింద నా వేలిముద్ర కూడా వేసుకో.