ఎడమ చెవి

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ ఫోటో దగ్గర దీపం పెట్టి, నువ్విచ్చిన కెంపుల దుద్దులు పెట్టుకుని మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కాను. గురుగ్రామ్‌లో దిగుతుంటే ఓ అమ్మాయి, "ఆంటీ, ఆప్కా ఏక్ టాప్స్ గిర్ గయా" అంది. తడుముకుంటే ఎడమ చెవి బోడిగా ఉంది. శీల ఎప్పుడు ఊడిందో, దుద్దు ఎక్కడ జారిందో నాకు తెలియనే లేదు. ప్లాట్‌ఫాం అంతా వెతికాను. దొరకలేదు.

నీకు చెప్పలేదు కదూ. ఎనిమిది నెలల కిందట మొహం బిగించే ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంట్లో అందరికీ ఆఫీసు కోసమని చెప్పాను. అబద్ధం. నువ్వు పోయాక అద్దంలో నీ ఆఖరి నెలల మొహమే కనిపించేది. అవే జారిన బుగ్గలు. చూడలేకపోయాను.

ఆ ఆపరేషన్‌లో ఎడమ చెవి కింద నరం దెబ్బతింది. "స్పర్శ వస్తే వస్తుంది మేడం, ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటాడు డాక్టరు. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే మాట వినపడుతుంది గానీ ఫోన్ తగిలినట్టుండదు. బుగ్గ కూడా ఎవరిదో అన్నట్టుంది. అద్దంలో నువ్వూ లేవిప్పుడు.

ఇదంతా వింటే "బుద్ధుందటే నీకు?" అని చెవి మెలిపెట్టేదానివి. చిన్నప్పట్నించీ నీ చేతికి నా ఎడమ చెవే దొరికేది. ఈసారి కుడిది పట్టుకో అక్కా. ఎడమది ఎంత మెలిపెట్టినా, వచ్చింది నువ్వని నాకు తెలియదు.